పికప్ బండికి వేరే సంవత్సరపు ఇంజను వేయింపవచ్చునా?

నర్సాపూర్, గుమ్మడిదల, దుండిగల్ వైపు గ్రామములనుండి కూరగాయలు తెచ్చు బండ్లు గండిమైసమ్మ, బాచుపల్లి దాటి ప్రగతి నగర్ మీదుగా కూకట్‌పల్లి రైతుబజారునకు తెల్లవారక ముందే చేరవలెను. పొద్దెక్కినచో హైటెక్ సిటీ వైపు పోవు కంపెనీ బస్సులు, కార్లు రోడ్డును ఆక్రమించును. టమాటా, పాలకూర ఎండలో నిలువవు. కావున ఈ దారిని నమ్ముకొన్న రైతునకు పొలములో మోటారు ఎంత ముఖ్యమో రోడ్డుమీద బండి అంత ముఖ్యము.

ఈ బండ్లలో బొలెరో పికప్పులు మెండుగా కనబడును. వానిలో పెక్కు సెకండుహ్యాండు కొన్నవే. పదేండ్లు నడిచిన బండి ఒకనాడు నీరు మరిగి ఇంజను పట్టివేయును. లేదా పొగ చిమ్ముచు నూనె త్రాగుచు "బోరుకు వచ్చును". అప్పుడు షెడ్డులో ఎవరో ఒకరు ఈ మాట అందురు: "బొలెరోదే ఇంకో ఇంజన్ దొరుకుతదన్నా. సంవత్సరం వేరైతే ఏంది, అదే బండి గదా. ఒక్క రోజు పని."

ఈ మాటలో సగము నిజము కలదు. మిగిలిన సగము వలన రైతులు సీజనంతయు బండిని షెడ్డులో నిలుపుకొనుచున్నారు. ఏ సగము నిజమో ఇంజను కొనుటకు ముందే తెలిసికొనవలెను.

పేరు ఒకటి, ఇంజన్లు వేరు

బండి ముందు భాగమున వ్రాసియుండు పేరు కంపెనీవారు అమ్మకమునకు పెట్టిన పేరు. దాని క్రింద ఏ ఇంజను ఉన్నదో ఆ పేరు చెప్పదు. బొలెరో 2000 సంవత్సరములో మార్కెట్టునకు వచ్చినప్పుడు ప్యూజో వంశమునకు చెందిన 2498 సి.సి. డీజిలు ఇంజనుతో వచ్చినది. దాని బోరు 94 మి.మీ. తరువాత 2523 సి.సి. డి.ఐ. ఇంజను వచ్చెను. దాని బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6 మి.మీ. అనగా సరిగా మూడున్నర అంగుళములు, నాలుగు అంగుళములు. ఇంటర్నేషనల్ హార్వెస్టరు వారి బి-414 ట్రాక్టరు డీజిలు ఇంజను కొలతలును ఇవియే. మహీంద్రావారు 1963లో ఆ కంపెనీతో కలిసియే ట్రాక్టర్ల తయారీకి పూనుకొనిరి. కావున ఈ పోలిక యాదృచ్ఛికము కాదని నా అభిప్రాయము. మీ పికప్పు క్రింద ఉన్నది ఒక విధముగా పాత ట్రాక్టరు గుండెయే.

2011లో అదే 2523 సి.సి. ఇంజనునకు కామన్ రైలు పద్ధతి అమర్చి బొలెరోలో పెట్టిరి. 2016లో వచ్చిన బొలెరో పవర్ ప్లస్ కారులో 1493 సి.సి., మూడు సిలిండర్ల ఇంజను వచ్చెను. పికప్పులలో మాత్రము 2523 సి.సి. ఇంజనే కొనసాగినది.

రైతులు మోసపోవునది మూడు సిలిండర్ల ఇంజను చూచి కాదు. అది కంటికే వేరుగా కనబడును. మోసపోవునది రెండు 2523ల నడుమనే. సి.సి. ఒకటే, సిలిండర్లు నాలుగే, బయటి ఆకారము దాదాపు ఒకటే. కాని మొదటిది తీగతోను, పళ్ళచక్రములతోను నడుచు ఇంజను. రెండవది కంప్యూటరు పెట్టె చెప్పినట్లు నడుచు ఇంజను.

పాత జీపుల నాటి అలవాటు

మన మిస్త్రీలకు ఈ ధైర్యము ఊరక రాలేదు. 1947లో బొంబాయిలో బిగింపు మొదలైన విల్లీస్ జీపు వంశపు బండ్లలో చాలకాలము 134 ఘనపు అంగుళముల పెట్రోలు ఇంజను ఉండెడిది. పెట్రోలు ధర భరింపలేక ఎందరో దానిని తీసివేసి డీజిలు ఇంజను వేయించిరి. తరువాత కంపెనీవారే ఎక్స్.డి.పి. 4.90 అను 2112 సి.సి. డీజిలు ఇంజనుతో జీపులు ఇచ్చిరి. 4 అనగా సిలిండర్లు, 90 అనగా బోరు మిల్లీమీటర్లు. ఆ ఇంజనును ఒక బండినుండి దింపి, ఇంకొక బండికి చెట్టుకొమ్మకు గొలుసు కప్పీ వేసి ఎక్కించినవారు పల్లెలలో నేటికిని కలరు.

ఆ కాలపు డీజిలు ఇంజను బ్రతుకుటకు కావలసినవి బహు కొద్ది: డీజిలు వచ్చు గొట్టము, తిరిగిపోవు గొట్టము, ఆక్సిలరేటరు తీగ, ఆపుటకు మరొక తీగ, సెల్ఫు మోటారుకు కరెంటు. అడుగున పట్టీలు వెల్డింగు చేసి, గేరుపెట్టెకు ఒక పలక తిప్పించి కలిపినచో బండి కదలెడిది. అది నిజమైన పనితనము. కాని ఆ అనుభవమును 2011 తరువాతి ఇంజనునకు అట్లే వర్తింపజేయుట తగదు.

ఒక రైతునకు జరిగినది

గుమ్మడిదల వైపు రైతు ఒకరు తమ పాత పికప్పునకు ఇంజను కొని, బండి కదలకపోగా సలహా కొరకు వచ్చిరి. వారిది పంపుతో నడుచు పాత డి.ఐ. బండి. కొన్నది కామన్ రైలు ఇంజను. అమ్మినవాడు సి.సి. చూపించి "సేమ్ టు సేమ్" అని చెప్పెను. నట్లు, బోల్టులు చాలవరకు కలిసినవి. గేరుపెట్టె కూడ కూర్చున్నది. ఇంజను ఎక్కినది గాని స్టార్టు కాలేదు. దానిపైనున్న అరడజను సెన్సర్ల కొనలు ఎక్కడ కలుపవలెనో ఆ బండిలో చోటే లేదు. కంప్యూటరు పెట్టె, వైరింగు, తాళపుచెవి ఏవియు ఇంజనుతో రాలేదు. ఐదు వారములు బండి నిలిచినది. ఆ ఐదు వారములు వారు కిరాయి బండిలో టమాటా పంపిరి. చివరకు కొన్న ధరలో సగమునకే ఇంజను తిరిగి ఇచ్చివేసి, తమ పాత బ్లాకునే బోరు చేయించుకొనిరి.

ఇందులో మిస్త్రీ పనితనపు లోపము లేదు. ఇంజను కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న అడుగకపోవుటయే లోపము.

ముందుగా అడుగవలసిన ప్రశ్న

"ఈ ఇంజను డీజిలును ఎట్లు చిమ్మును?" అనునదే ఆ ప్రశ్న. సి.సి. గూర్చి తరువాత అడుగవచ్చును.

పాత డి.ఐ. ఇంజనులో పక్కనుండు పంపు ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క సన్నని ఇనుప గొట్టము ద్వారా డీజిలు పంపును. ఎప్పుడు, ఎంత పంపవలెనో పంపు లోపలి యంత్రమే నిర్ణయించును. కామన్ రైలులో పంపు డీజిలును ఒక బలమైన గొట్టములో నింపి నొక్కియుంచును. ఆ ఒత్తిడి వేయి వాతావరణములకు మించగలదు, అనగా మీ టైరులోని గాలికంటె కొన్ని వందల రెట్లు. ఏ క్షణమున ఏ ఇంజెక్టరు తెరువవలెనో కంప్యూటరు పెట్టె విద్యుత్తుతో చెప్పును. అందుకు క్రాంకు ఎక్కడ తిరుగుచున్నదో, పెడలును ఎంత నొక్కితిరో, రైలులో ఒత్తిడి ఎంతయో సెన్సర్లు తెలుపుచుండవలెను. చాల బండ్లలో తాళపుచెవిని కూడ ఆ పెట్టె గుర్తుపట్టవలెను.

కావున పాత బండికి కామన్ రైలు ఇంజను ఎక్కింపదలచినచో ఇంజను ఒక్కటి చాలదు. అదే బండినుండి తీసిన కంప్యూటరు పెట్టె, పూర్తి వైరింగు, పెడలు, తాళము, నీటిని వేరుచేయు డీజిలు ఫిల్టరు, రిటర్ను గొట్టములు కూడ రావలెను. వీని ధరలన్నియు కాగితముపై వ్రాసి కూడినచో చౌక ఇంజను చౌక కాదని మీకే తెలియును.

దీనికి సంబంధించి ప్రాణాపాయమైన సంగతి ఒకటి కలదు. పాత ఇంజనులో ఏ సిలిండరు కొట్టుట లేదో కనుగొనుటకు మిస్త్రీలు ఇంజను నడుచుచుండగనే ఇంజెక్టరు గొట్టపు నట్లు ఒక్కొక్కటిగా పానాతో వదులు చేయుదురు. కామన్ రైలు ఇంజనులో ఎన్నటికిని అట్లు చేయరాదు. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిలు చర్మమును చీల్చి లోపలికి పోవును. చూచుటకు సూదిగుచ్చినంత గాయమే కనబడును గాని చేయి తీసివేయవలసిన స్థితి రావచ్చును. అట్లు జరిగినచో కట్టుకట్టి ఊరకుండక వెంటనే పెద్దాసుపత్రికి పోయి, డీజిలు లోపలికి పోయినదని చెప్పవలెను.

దీనికి విరుద్ధముగా, కామన్ రైలు బండికి పాత డి.ఐ. ఇంజను వేయువారు కూడ కలరు. ఇది స్టార్టగును, నడుచును. వైరింగు గొడవ తక్కువ. కాని మీటర్లు కొన్ని చచ్చును. పైగా ఇది చట్టమునకు ఎదురుపోవు మార్పు. ఆ సంగతి క్రింద చెప్పబడినది.

టేపు, చూపు ఉపయోగింపవలసిన చోట్లు

చిమ్ము పద్ధతి కలిసిన తరువాత కొలతలు చూడవలెను. రెండు ఇంజన్లను పక్కపక్కన నేలమీద పెట్టి పోల్చుట శ్రేష్ఠము. వెనుక భాగమున గేరుపెట్టె కూర్చుండు బోల్టుల వరుస కలియవలెను. ఫ్లైవీలు వ్యాసము, దాని అంచు పళ్ళు మీ సెల్ఫు మోటారుకు సరిపోవలెను. క్లచ్చి ప్లేటు వ్యాసము కొలిచి, నడుమనున్న గాళ్ళు గేరుపెట్టె ఇరుసుపై జారునట్లు ఉన్నవో లేదో చేతితో ఎక్కించి చూడవలెను. క్రాంకు చివర ఇరుసు కూర్చుండు చిన్న బేరింగును చాలమంది మరతురు. అది తేడాగా ఉన్నచో నెల తిరుగకముందే క్లచ్చి అరుచును.

ముందు భాగమున ఇంజను కాళ్ళు, ఫ్యాను రేడియేటరుకు ఎంత దూరములో తిరుగుచున్నదో చూడవలెను. టర్బో ఏ వైపు ఉన్నదో, పొగగొట్టము అటే ఉన్నదో గమనింపవలెను. నూనె తొట్టె ముందు ఇరుసునకు తగులరాదు. ఇవన్నియు ఇంజను గాలిలో వ్రేలాడుచుండగా గాక నేలమీదనే తేల్చుకొనవలెను. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామిక వాడలు ఈ ప్రాంతమునకు దగ్గరే. పలక త్రిప్పుటకు, బుష్షు వేయుటకు అచ్చట లేతు పనివారికి కొదువ లేదు. ఐతే లేతు వారు మీరిచ్చిన కొలతకే చేయుదురు. కొలత తప్పినచో వారి తప్పు కాదు.

బ్రేకు సంగతి మరువరాదు

ఇంజను మార్చునప్పుడు బ్రేకు గుర్తుకు రాదు. కాని రెంటికి సంబంధము కలదు. పెట్రోలు ఇంజను గాలి పీల్చునప్పుడు ఏర్పడు ఖాళీయే బ్రేకు బూస్టరుకు బలమిచ్చును. డీజిలు ఇంజనులో అట్టి ఖాళీ చాలినంత ఏర్పడదు. అందుచే చాల డీజిలు బండ్లలో వాక్యూము పంపు ఒకటి ప్రత్యేకముగా ఉండును. పెక్కు బండ్లలో అది ఆల్టర్నేటరు, అనగా మిస్త్రీలు డైనమో అను దాని వెనుకనే అమర్చబడియుండును. దానికి ఇంజను నుండి నూనె గొట్టము కూడ పోవును.

సెకండుహ్యాండు ఇంజనుతో వేరే డైనమో వచ్చినప్పుడు ఈ పంపు లేకపోవచ్చును, లేదా దాని నూనె గొట్టమును కలుపక విడువవచ్చును. ఖాళీ బండిని షెడ్డుచుట్టు తిప్పినప్పుడు తేడా తెలియదు. టన్నుకు పైగా సరుకుతో పల్లములో దిగునప్పుడు పెడలు రాయివలె గట్టిపడును. ఇంజను ఎక్కించిన దినముననే ఈ పరీక్ష చేయవలెను: ఇంజను ఆపి పెడలును ఐదారు మారులు నొక్కవలెను, అది గట్టిపడును. కాలు దానిపై ఉంచియే స్టార్టు చేయవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరుకు బలము వచ్చుచున్నదని అర్థము. దిగనిచో బండిని బయటకు తీయరాదు. పవరు స్టీరింగు గల బండియైనచో దాని పంపును కూడ ఇట్లే చూచుకొనవలెను.

కాగితములు

ఇంజను నంబరు మీ ఆర్.సి.లో ఉండును, బీమా కాగితములో ఉండును. ఇంజను మారినచో ఈ రెండును తప్పులగును.

మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను ప్రకారము ఆర్.సి.లోని వివరములు కంపెనీ మొదట నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. కనీసము పది రవాణా వాహనములు గలవారికి మాత్రము "అదే తయారీ, అదే రకము" ఇంజనును ముందస్తు అనుమతి లేకయే మార్చుకొనుటకు రాష్ట్ర ప్రభుత్వము అధికారమియ్యవచ్చునని ఆ సెక్షనులోనే కలదు. అట్టివారైనను మార్చిన 14 దినములలో రిజిస్టరింగు అధికారికి తెలిపి ఆర్.సి.లో వ్రాయించుకొనవలెను. ఒకటి రెండు బండ్లు గల రైతు ముందుగనే రవాణా కార్యాలయమునకు పోయి, ఏ ఇంజను వేయదలచినది చెప్పి, అనుమతి పొందిన తరువాతనే పానా పట్టించుట క్షేమము. కంపెనీ నిర్ణయించిన మూల వివరములకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే సంవత్సరపు సవరణతో అక్రమపు మార్పునకు ఆరు నెలలవరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

"అదే రకము" అను మాటలో పొగ ప్రమాణము ఇమిడియున్నది. బి.ఎస్.-4 ప్రమాణము 2010లో హైదరాబాదుతో కూడిన పెద్ద నగరములలోను, 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను వచ్చినది. బి.ఎస్.-6 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చినది. డీజిలులోని గంధకము బి.ఎస్.-3 నాడు పది లక్షల పాళ్ళలో 350 పాళ్ళు, బి.ఎస్.-4 నాడు 50; బి.ఎస్.-6 నాడు 10. బి.ఎస్.-4గా రిజిస్టరైన బండిలో బి.ఎస్.-3 ఇంజను పెట్టుట ప్రమాణమును వెనుకకు లాగుట. అనుమతి వచ్చునని ఆశింపవలదు. బి.ఎస్.-6 ఇంజను వెంట పొగను శుద్ధిచేయు పరికరములు పెక్కు ఉండును. వానిని విడిచి ఇంజనును మాత్రము పాత బండికి తెచ్చుట నా దృష్టిలో డబ్బు కాల్చుటయే.

కొందరు "ఎవరు చూడవచ్చిరి?" అందురు. రవాణా బండికి ఎనిమిదేండ్లు దాటిన తరువాత ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష కలదు. అచ్చట నంబరు చూతురు. అంతకంటె కష్టము ప్రమాదము జరిగిననాడు వచ్చును. పాలసీలో ఒక నంబరు, బండిలో ఇంకొక నంబరు ఉన్నచో బీమావారు క్లెయిమును ప్రశ్నింతురు. ఎదుటివానికి దెబ్బ తగిలిన కేసులో ఆ భారము పొలము అమ్మినను తీరకపోవచ్చును. ఆర్.సి. మారిన వెంటనే బీమా కంపెనీకి కూడ వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

కొనునప్పుడు

ఇంజను నంబరు బ్లాకుపై చెక్కియుండును. ఆ చోట గ్రైండింగు గీతలు గాని, అక్షరములు వంకరగా గాని ఉన్నచో ఎంత చౌకయైనను వదలిపెట్టవలెను. అది దొంగబండి ఇంజను కావచ్చును. జాతీయ నేర నమోదు సంస్థవారి వాహన్ సమన్వయ్ సేవలో ఇంజను నంబరుతో దొంగబండ్ల వివరము చూచుకొనవచ్చును. నంబరు వ్రాసిన బిల్లు, ఆ ఇంజను ఏ బండిదో దాని కాగితపు నకలు లేనిదే డబ్బు ఇయ్యరాదు. రవాణా కార్యాలయములోను ఇవియే అడుగుదురు.

వీలైనచో ఇంజను నడుచుచుండగా చూడవలెను. నూనె పోయు మూత తీసినప్పుడు బుసబుస పొగ వచ్చినచో రింగులు అరిగినవి. నూనె మజ్జిగవలె తెల్లగా ఉన్నచో నీరు కలిసినది. క్రాంకు పుల్లీని ముందుకు వెనుకకు లాగి ఆట ఎంత ఉన్నదో చూడవలెను.

మీ ఇంజనునే ఒకసారి విప్పించి చూడుడు

ఇంజను మార్పునకు తొందరపడుటకు ముందు మీ ఇంజనును విప్పించి కొలిపించుట మేలు. నేను చూచిన పట్టివేసిన ఇంజన్లలో పెక్కింటి బ్లాకు మంచిదే. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి, క్రాంకును గ్రైండింగు చేయించి, దానికి తగిన సైజు బేరింగులు వేసినచో అది మరల చాకిరి చేయును. నంబరు మారదు. కాగితముల పని లేదు. బ్లాకు పగిలినప్పుడు, క్రాంకు విరిగినప్పుడు మాత్రమే వేరే ఇంజను వెదకవలెను. అప్పుడు కూడ మీ బండి ఏ ప్రమాణమునకు చెందినదో, ఏ పద్ధతిలో డీజిలు చిమ్మునో అదే ఇంజను తేవలెను. సంవత్సరము ఒకటి రెండు అటుఇటైనను ఆ రెండును కలిసినచో షెడ్డులోవాని మాట నిజమగును: అది ఇంచుమించు ఒక్క రోజు పనియే.

బిగించిన తరువాత

కొత్త నూనె, కొత్త నూనె ఫిల్టరు, కొత్త డీజిలు ఫిల్టరు వేయవలెను. రేడియేటరును కడిగించవలెను. మొదటి ఇంజనును చంపినది పూడిపోయిన రేడియేటరే అయినచో రెండవ దానిని కూడ అదే చంపును. డీజిలు గొట్టములలో గాలి తీసివేసిన తరువాతనే సెల్ఫు కొట్టవలెను. స్టార్టయిన వెంటనే నూనె దీపము ఆరవలెను. ఆరనిచో అప్పుడే ఆపివేయవలెను.

మొదటి వేయి కిలోమీటర్లు సగము సరుకుతో నడుపుడు. ప్రతి ఉదయము నూనె పుల్ల, నీరు చూచుకొని, ఇంజను కాళ్ళ బోల్టులను పానాతో తడుముడు. మార్కెట్టునకు బయలుదేరుటకు ముందు పైన చెప్పిన బ్రేకు పరీక్ష కూడ చేయుడు. పెడలు దిగని రోజున సరుకును పొరుగువాని బండిలో వేసి పంపుడు.